పొద్దున్నే గలగలమంటోందా?

సెకండ్ హ్యాండ్ కారు చూడ్డానికి వెళ్తున్నారా? పెయింటు, టైర్లు, సీట్లు ఎటూ చూస్తారు. వాటికన్నా ముందు బానెట్ మీద చెయ్యి వేయండి. వెచ్చగా ఉంటే 'రేపు పొద్దున వస్తాను, అప్పటిదాకా స్టార్ట్ చెయ్యకండి' అని చెప్పి వచ్చేయండి. అమ్మేవాళ్లు ఏమైనా అనుకోనీ. టైమింగ్ చైన్ గుట్టు చల్లటి ఇంజిన్‌లోనే బయటపడుతుంది.

కింద పిస్టన్లతో తిరిగే క్రాంక్ షాఫ్టునీ, పైన వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్టునీ కలిపేది ఈ చైనే. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక్క చుట్టు తిరగాలి. ఆ లెక్క తప్పిందంటే చాలా ఇంజిన్లలో పిస్టన్ వెళ్లి తెరిచి ఉన్న వాల్వును గుద్దుతుంది. ఆ తర్వాత రిపేరు కాదు, ఇంజిన్ విప్పడమే!

రబ్బరు బెల్టుకైతే ఇన్ని కిలోమీటర్లకు మార్చాలని కంపెనీ గడువు పెడుతుంది. చైన్‌కి చాలా కార్లలో అలాంటిదేమీ ఉండదు. దాంతో అది అరగదని ధీమా. 'చైన్ సాగింది' అంటారు మెకానిక్‌లు. నిజానికి సాగదు. సైకిల్ చైన్‌లాగే లింకుల పిన్నులు అరుగుతాయి. ఒక్కోచోట వెంట్రుకవాసే అయినా అన్నీ కలిసి చైన్ వదులవుతుంది. దాన్ని బిగించి ఉంచే టెన్షనర్ చాలా కార్లలో ఆయిల్ ఒత్తిడితో పనిచేస్తుంది. రాత్రంతా ఆగిన కారులో ఆ ఒత్తిడి ఉండదు. అందుకే స్టార్ట్ చేయగానే రెండు మూడు సెకన్లు గలగలమని, ఆయిల్ చేరగానే ఊరుకుంటుంది.

మారుతి స్విఫ్ట్, డిజైర్లలో వచ్చిన ఫియట్ 1.3 లీటర్ల డీజిల్ ఇంజిన్ చైన్‌దే. మారుతి 2020లో డీజిల్ కార్లు ఆపేసినా పాతవి ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి. డీజిల్ మసి ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ మార్చకుండా నెట్టుకొస్తే ఆ మసే పిన్నులను తినేస్తుంది. మీటరు రీడింగ్ కన్నా సర్వీసు పుస్తకంలో ఆయిల్ మార్చిన తేదీలే నమ్మదగ్గవి.

చప్పుడు వినిపించిందని చైనే అనుకోనక్కర్లేదు, టాపెట్లు కూడా కావచ్చు. స్కానర్ పెట్టిస్తే క్యామ్, క్రాంక్ పొంతన తప్పిందని చెప్పే పీ0016 కోడ్ కనిపించవచ్చు. అదీ ఒక్కోసారి సెన్సర్ తప్పే. ఖాయంగా తేలాలంటే విప్పి చూడాల్సిందే. టెన్షనర్ దాదాపు చివరిదాకా బయటికి వచ్చేసి ఉంటే చైన్ పని అయిపోయినట్టే. మార్చేటప్పుడు టెన్షనర్, గైడ్లు, పళ్లచక్రాలు కూడా కలిపి మార్పించండి. అరిగిన పళ్ల మీద కొత్త చైన్ ఎన్నాళ్లో నిలవదు. ఆ మొత్తం ఎంతవుతుందో ముందే కనుక్కుని బేరంలో తగ్గించమనండి.

ఇక మీ సొంత కారే, వేడెక్కాక కూడా గలగల ఆగకపోతే? నడుపుకుంటూ షెడ్డుకు వెళ్లకండి. కట్టి లాగించుకెళ్లండి.