రెండోసారి చదివితే లెక్కలోకి రాదు

పుస్తకాలు చదివే పోటీ పెట్టిన బళ్లో పిల్లాడి సంచి తెరిస్తే, డైరీ మధ్యలో మడిచిన కాగితం ఒకటి దొరుకుతుంది. దాని పేరు రీడింగ్ లాగ్. తేదీ, పుస్తకం పేరు, పేజీలు, అమ్మదో నాన్నదో సంతకం. ‘ఎలా ఉంది?’ అన్న గడిలో పైనుంచి కిందిదాకా ఒకటే జవాబు: గుడ్, గుడ్, గుడ్. ఎక్కువ వరసలు నింపినవాళ్లకి అసెంబ్లీలో సర్టిఫికెట్. సన్న పుస్తకాలు ఏరుకుంటే త్వరగా గెలవొచ్చని ఏడేళ్లవాడికి ఒకరు చెప్పాలా?

పెట్టేవాళ్ల ఉద్దేశం మంచిదే, కాదనలేం. ఫోను పక్కన పెట్టించడానికి వాళ్ల తిప్పలు వాళ్లవి. కానీ చదివిన కథే మళ్లీ చదివితే ఆ కాగితంలో రాసుకునే చోటు లేదు. పుస్తకాల పురుగుని పట్టిచ్చే గుర్తు అదే కదా! బేతాళుడి ప్రశ్నకి విక్రమార్కుడేం చెబుతాడో తెలిసీ పాత చందమామ తిరగేసినవాళ్లు, అట్ట ఊడేదాకా ‘బుడుగు’ని వదలనివాళ్లు ఇప్పుడు తాతలూ అమ్మమ్మలూ అయ్యారు. వాళ్లు ఎన్ని పేజీలు చదివారో ఎవరూ లెక్కపెట్టలేదు.

రోల్డ్ డాల్ 1988లో రాసిన ‘మటిల్డా’లో నాలుగేళ్ల పిల్ల ఊరి లైబ్రరీలో పిల్లల పుస్తకాలన్నీ అవగొట్టి, పెద్దవాళ్లు చదివేది ఇమ్మంటుంది. లైబ్రేరియన్ మిసెస్ ఫెల్ప్స్ తెల్లబోయి, తేరుకుని, డికెన్స్ నవల చేతిలో పెడుతుంది. ఆ తర్వాత పిల్ల జోలికి పోదు. పుస్తకాలు ఇంటికి పట్టుకెళ్లొచ్చని మాత్రం చెబుతుంది. క్విజ్ లేదు, కప్పు లేదు.

అమెరికాలో 1984లో మొదలైన పిజ్జా హట్ పథకంలో నెలకి పెట్టుకున్న లక్ష్యం మేరకు చదివిన పిల్లలకి ఉచితంగా పిజ్జా ఇచ్చారు. అంతకు ముందే, 1973లో, లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే పరిశోధకులు బొమ్మలేయడం ఇష్టపడే చిన్నపిల్లల్ని గమనించారు. బొమ్మ వేస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పిన పిల్లలు, తర్వాత ఖాళీ సమయంలో మిగతావాళ్లలో సగంసేపే రంగు పెన్నులు ముట్టుకున్నారు. అది బొమ్మల సంగతే. అయినా రీడింగ్ లాగ్ అచ్చు వేయించే ముందు హెడ్‌మాస్టర్లు ఓసారి తలుచుకోదగ్గది.

పోటీ లేని దారి మన బెంగళూరులోనే ఉంది. 2004లో ఇక్కడ పుట్టిన పిల్లల పుస్తకాల సంస్థ ప్రథమ్ బుక్స్, అక్షరాస్యతా దినమైన సెప్టెంబర్ 8 సందర్భంగా ఒకే కథని ఊరూరా వలంటీర్లతో చదివించే కార్యక్రమం నడిపింది. అలా చదివిన కథల్లో శృంగేరి శ్రీనివాస్ అనే ఆయన గురించిన కథ ఒకటి. పెరిగిన ఆయన జుట్టు కత్తిరించడానికి ఎవరికీ తీరికుండదు, అతగాడి విసుగు చూసి పిల్లలకి నవ్వాగదు. అక్కడ ఫస్టూ సెకండూ ఏముంటాయి?

అదే సంస్థ 2015లో తెరిచిన స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో బోలెడు కథలు తెలుగులోనూ కన్నడలోనూ ఇంగ్లీషులోనూ ఉచితంగా దొరుకుతాయి. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, బళ్లో ఇంగ్లీషు మాట్లాడే మన పిల్లలకి ఇంతకన్నా ఏం కావాలి? పోటీ జాబితా ఇంగ్లీషుకే పరిమితమైతే మాత్రం, రాత్రి అమ్మమ్మ పక్కన పడుకుని కూడబలుక్కుంటూ చదివిన తెలుగు కథకి సున్నాయే.

లాగ్ ఎలాగూ మానరు కాబట్టి, పేజీల గడి కొట్టేసి ‘ఏ భాషలో?’, ‘ఎన్నోసారి?’ అని రెండు గడులు గీయించాలి. శ్రీనివాస్ కథ తొమ్మిదోసారి చదివిన పిల్ల, అక్కడ 9 వేసి అమ్మ సంతకం కోసం పట్టుకెళ్తుంది.