మారుతాళం ఎవరి సొత్తు?

తెలుగులో రెండవ తాళంచెవికి 'మారుతాళం' అని చక్కని మాట ఉన్నది. దొంగల కథలలోనే ఎక్కువగా వినబడడం వలన దానికి కొంత అపకీర్తి అంటుకున్నది గాని, బియ్యపు డబ్బాలోనో దేవుడి గూటిలోనో ఒక మారుతాళం దాచుకోని ఇల్లు మనలో అరుదు. కారు విషయంలో మాత్రం ఆ సదుపాయం మన చేతులలోనుండి జారిపోయింది. ఎవరూ పెద్దగా గమనించినట్లు లేదు.

నిరుడు మేము కొన్న పాత కారుతో ఒకే తాళంచెవి వచ్చింది. అమ్మినవారికీ ఒకటే అందిందట. కారు దొంగతనానికి గురైతే పరిహారం ఇచ్చేముందు బీమా సంస్థలు రెండు తాళంచెవులనూ అప్పగించమనడం పరిపాటి. కనుక రెండవది చేయించక తప్పలేదు.

మా భీమిలి బజారులో తాళాలు బాగుచేసే పెద్దాయన ఒకరున్నారు. చేతిలో ఆకురాయి, ఎదురుగా చిన్న పట్టకారు, ముందు వందల కొద్దీ తాళంచెవుల గుత్తులు. ఆయన నా తాళంచెవిని తిప్పి చూసి, "కోసిచ్చేస్తాను బాబూ, తలుపు తీసుకుంటాది. ఇంజను మాత్రం అంటుకోదు" అన్నారు.

ఆయన చెప్పినది అక్షరాలా నిజం. తాళంచెవి పిడిలో బియ్యపుగింజంత చిప్పు ఒకటి ఉంటుంది. దానికి బ్యాటరీ అక్కరలేదు. తాళం పెట్టే రంధ్రం చుట్టూ ఉన్న తీగచుట్ట నుండి శక్తిని పుచ్చుకొని, తన సంకేతాన్ని బండికి వినిపిస్తుంది. తెలిసిన సంకేతం కాకపోతే ఇంజను నడవదు. (తలుపులు దూరం నుండి తీసే మీట వేరు, దాని బ్యాటరీ అయిపోయినా ఈ చిప్పు పనిచేస్తూనే ఉంటుంది. ఈ రెంటినీ ఒకటిగా భావించి కంగారుపడేవారు చాలామంది.) తాళం'చెవి' అని మన పూర్వులు ఎందుకన్నారో గాని, అది నిజంగా వినడం, బదులు పలకడం మొదలుపెట్టింది మాత్రం ఇప్పుడే.

కొత్త చిప్పును బండికి పరిచయం చేయడానికి స్టీరింగు కింద ఉన్న సాకెట్టుకు ఒక యంత్రాన్ని తగిలించాలి. అనేక బండ్లలో దానికి తోడు తయారీదారు వద్ద ఉండే రహస్య సంఖ్య కూడా కావాలి. అందుకని విశాఖలోని ఒక విక్రయశాలకు పాతిక కిలోమీటర్లు వెళ్ళాను. 8,000 రూపాయలన్నారు, మూడు వారాలన్నారు, బండిని మళ్ళీ తీసుకురమ్మన్నారు. ఆ సంఖ్యను నాకు చెప్పమంటే, "అది కస్టమరుకు ఇవ్వమండి" అన్నారు. బండి నాది, రిజిస్ట్రేషను నా పేర, పన్ను కట్టినది నేను. నా తలుపు గొళ్ళెం గుట్టు మాత్రం నాకు చెప్పరట!

ఇది భద్రత కోసమే అంటారు. అందులో కొంత సత్యం లేకపోలేదు. ఐరోపా సమాఖ్యలో 1998 అక్టోబరు నుండి కొత్త కార్లకు ఈ ఏర్పాటు తప్పనిసరి అయింది. దీనివలన కార్ల దొంగతనాలు బాగా తగ్గాయి కూడా. అయితే దొంగను ఆపుతున్నది చిప్పు. యజమానికి సంఖ్యను దాచడం వలన అదనంగా ఒరిగేదేమిటి? డచ్చివారి సమాధుల నడుమ పెరిగిన భీమిలివాడిని గనుక డచ్చి ఉదాహరణే ఇస్తాను. నెదర్లాండ్సులోని నైమేగన్ విశ్వవిద్యాలయానికి, ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌కు చెందిన పరిశోధకులు మెగామోస్ అనే చిప్పులోని లోపాన్ని బయటపెట్టబోతే, 2013లో ఇంగ్లండు న్యాయస్థానం ఆ ప్రచురణను ఆపింది. పరిశోధన 2015లో వెలువడింది. రెండేళ్ళపాటు అటువంటి కార్ల యజమానులకే తమ తాళం ఎంత బలహీనమో తెలియలేదన్నమాట.

మన దేశంలోనూ ఈ వ్యాజ్యం పాతదే. విడిభాగాలను, లోపాలు కనిపెట్టే యంత్రాలను బయటి మెకానిక్కులకు అందనివ్వడం లేదని 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల సంస్థలకు 2,544 కోట్ల రూపాయల పైచిలుకు జరిమానా విధించింది. అది అప్పీళ్ళలో పడింది. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కుపై ఒక సంఘాన్ని నియమించి, అందులో మోటారు వాహనాలనూ చేర్చింది. మంచిదే. కాని భీమిలి బజారుదాకా అది ఇంకా నడిచి రాలేదు.

నేను కోరేది పెద్దదేమీ కాదు. బండి అమ్మేనాడే ఆ సంఖ్యను మూసిన కవరులో పెట్టి యజమాని చేతికివ్వాలి. బండి చేతులు మారితే కవరూ చేతులు మారాలి. అమెరికాలో తాళాల పనివారి పూర్వాపరాలు విచారించి, పేర్లు నమోదుచేసి, ఇటువంటి సంకేతాలు వారికి అందించే పద్ధతి ఉన్నది. నలభయ్యేళ్ళుగా ఊరందరి బీరువాలు తెరిచి, ఒక్క మాట పడని మా పెద్దాయన ఆ విచారణలో తప్పుతారని నేననుకోను. ఆయనకు ఆ యంత్రం వాడడం నేర్పేవారేరి?

మీ ఊళ్ళో దీనికి ఎంత అడుగుతున్నారో, ఎన్నిమార్లు తిప్పుతున్నారో తెలుపగలరు. విక్రయశాల గడప తొక్కకుండా పని జరిపించుకున్నవారెవరైనా ఉంటే మరీ సంతోషం.