ఏఐ పేరిట రాగి తేజీ: లెక్క సరిచూచుకోవాలి

రాగి వాయిదా వ్యాపారంలో ఈ మధ్య ఏ కదలిక వచ్చినా ‘ఏఐ గిరాకీ’ అని కారణం చెప్పడం రివాజైంది. విశాఖపట్నంలో 1,500 కోట్ల డాలర్లతో డేటా సెంటర్ నెలకొల్పనున్నట్లు గూగుల్ సంస్థ 2025 అక్టోబరులో ప్రకటించాక మన వర్తకులలో ఈ మాట మరింత బలపడింది. అప్పు చేసి అయినా సరుకు నిల్వ వేసుకోవచ్చునా అని మోటారు వైండింగ్ షాపుల వారు సైతం అడుగుతున్నారు.

ఈ తేజీ వెనుక ఉన్న అంకె ఒకటి చూడదగినది. ఒక గిగావాట్ డేటా సెంటర్‌లో కంప్యూటర్ ర్యాకులకు కరెంటు అందించే రాగి పట్టీలకే 5 లక్షల టన్నుల రాగి కావాలన్న మాట ప్రచారంలోకి వచ్చింది. ప్రపంచమంతటా ఏడాదికి వాడే శుద్ధి చేసిన రాగి సుమారు 2.7 కోట్ల టన్నులు. ఆ లెక్కన యాభై నాలుగు సెంటర్లు కడితే మిగిలిన లోకానికి తీగ ముక్క కూడా దక్కదు! చిప్‌ల కంపెనీ ఎన్విడియా అంచనా ప్రకారం, ఇప్పటి 54 వోల్టుల పద్ధతిలో ఒక మెగావాట్ ర్యాకుకు పట్టేది 200 కిలోల వరకు. గిగావాటుకు వెయ్యి మెగావాట్లు గనుక మొత్తం 200 టన్నులు. ఎం.సి.ఎక్స్.లో రాగి లాటు రెండున్నర టన్నులు. అంటే 80 లాట్లు, అంతే.

ఈ 200 టన్నులు సైతం తగ్గే సూచనలున్నవి. ర్యాకుకు నేరుగా 800 వోల్టుల డి.సి. కరెంటు ఇచ్చే పద్ధతిని ఎన్విడియా 2025 మే నెలలో ప్రకటించింది. 2027 నుండి అమలు చేయాలన్నది దాని సంకల్పం. మెగావాట్ విద్యుత్తును 54 వోల్టులలో పంపితే సుమారు 18,500 ఆంపియర్లు ప్రవహించాలి. 800 వోల్టులలోనైతే 1,250 చాలు. ఆంపియర్లు తగ్గితే సన్నని పట్టీ సరిపోతుంది. బావి మోటారుకు సన్న తీగ వేసి కాల్చుకున్న రైతుకు ఈ సూత్రం వేరే చెప్పనక్కరలేదు. 415 వోల్టుల ఎ.సి.తో పోలిస్తే రాగి 45 శాతం ఆదా అవుతుందని కంపెనీ అంటున్నది. అమ్మేవారి మాట గనుక కొంత తరుగు తీసి చూడాలి.

మార్పు రాత్రికి రాత్రి రాదు. ఎ.సి. కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు దిగుతుంది గనుక దానిని తెంపడం తేలిక. డి.సి.కి ఆ సున్నా లేదు. తెంపినచోట లేచే మంట ఒక పట్టాన ఆరదు. అందుకు తగిన బ్రేకర్లు ఖరీదైనవి.

డేటా సెంటర్లకు రాగి అక్కరలేదని కాదు. ట్రాన్స్‌ఫార్మర్లకు, కేబుళ్లకు, చల్లబరచే యంత్రాలకు పట్టే రాగి ఈ పట్టీలకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. అయితే 2026 జనవరిలో లండన్ ధర టన్ను 13 వేల డాలర్లు దాటడానికి సరఫరా చిక్కులే ముఖ్య కారణమని ఈ విలేఖరి అభిప్రాయం. ఇండోనేషియాలోని గ్రాస్‌బర్గ్ గనిలోకి 2025 సెప్టెంబరులో బురద విరుచుకుపడింది. సుంకాల భయంతో సరుకు అమెరికా గిడ్డంగులకు తరలింది. మన దేశమైతే 2018లో తూత్తుకుడి కర్మాగారం మూతపడినది మొదలు దిగుమతుల మీద ఆధారపడుతున్నది.

గని తేరుకున్నా, సుంకాల భయం తీరినా ధర ఎటు తిరిగేదీ ఊహించవచ్చు. బ్యాంకు వడ్డీకి తెచ్చి సరుకు పట్టుకున్న చిన్న వర్తకుడు కనిపెట్టి ఉండవలసినవి గ్రాస్‌బర్గ్ ఉత్పత్తి, గిడ్డంగుల నిల్వలు, రూపాయి మారకం రేటు. విశాఖలో శంకుస్థాపనలను చూచి లాట్లు కొనడం తొందరపాటే.