పైపు నట్టు జోలికి పోకండి

డీజిల్ బండి ఐడ్లింగ్‌లో వణుకుతోందని బానెట్ ఎత్తి, ఎవరో ఫోన్‌లో చెప్పారని 17 నంబరు స్పానర్‌తో ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేయబోతున్నారా? ముందు స్పానర్ కింద పెట్టండి. ఇంజన్ ఆపండి. మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

ఓబులదేవరచెరువులో ఉన్నవాళ్లకి కంపెనీ వర్క్‌షాపు కావాలంటే కదిరి, హిందూపురం, ధర్మవరం వైపు చూడాల్సిందే. అదీ మిస్సింగ్ కొడుతున్న బండితో. ఒక పూట పని చెడుతుంది, చేతిలో డబ్బు కదులుతుంది. అందుకని ఇంజన్ శబ్దం అర నిమిషం రికార్డు చేసి, కార్ల పిచ్చి ఉన్నవాళ్లకి పంపి సలహా అడగడం అలవాటైంది. ఇందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. హైదరాబాదులోనో డాలస్‌లోనో ఉన్న ఆ ఔత్సాహికుడు డబ్బు అడగడు, విసుక్కోడు, అర్ధరాత్రయినా జవాబిస్తాడు. చాలాసార్లు సరిగానే చెబుతాడు కూడా. కానీ చేయి పోగొట్టే సలహా ఒకటుంది, దాని గురించే ఈ హెచ్చరిక.

ఆ సలహా ఇది: ఇంజన్ నడుస్తుండగా ఒక్కో ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేసి చూడు, ఏది వదిలినప్పుడు శబ్దంలో తేడా రాదో ఆ సిలిండర్ పని చేయడం లేదన్నమాట. ఎవరో గాలికి పుట్టించిన మాట కాదిది. పాత మహీంద్రా జీపులకీ, డీజిల్ అంబాసిడర్లకీ, ట్రాక్టర్లకీ మన మేస్త్రీలు ఏళ్ల తరబడి ఇలాగే మిస్సింగ్ పట్టారు. ఆ ఇంజన్లలో పంపు ఒక్కో సిలిండర్‌కి విడిగా, దాని వంతు వచ్చినప్పుడే డీజిల్ తోస్తుంది. నట్టు వదిలితే డీజిల్ చిమ్మి కారుతుంది, గుడ్డతో తుడుచుకుంటారు. అక్కడా ప్రమాదం లేకపోలేదు గానీ, చేయి తిరిగిన మేస్త్రీకి అది చెల్లింది.

ఇప్పటి డీజిల్ కార్లలో ఉన్నది కామన్ రైల్. బండి వెనక సీఆర్‌డీఐ అనో డీడీఐఎస్ అనో రాసి ఉంటే అదే. 2007లో స్విఫ్ట్ డీజిల్ వచ్చాక పల్లెల్లోకీ, టాక్సీ స్టాండుల్లోకీ ఇవే వచ్చాయి. పెనుకొండ దగ్గర ఎర్రమంచి కియా ఫ్యాక్టరీలో తయారయ్యే డీజిల్ కార్లూ ఇవే. నాలుగు ఇంజెక్టర్లకీ కలిపి ‘రైలు’ అనే ఒకే గొట్టం, అందులో డీజిల్ ఎప్పుడూ ఒత్తిడితో బిగిసి ఉంటుంది. ఊరికే ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడే పీడనం రెండు మూడు వందల బార్ ఉంటుంది, యాక్సిలరేటర్ తొక్కితే 1,400 నుంచి 2,000 దాకా పోతుంది. కారు టైరులో గాలి రెండున్నర బార్ కూడా ఉండదు. మనిషి చర్మాన్ని చీల్చడానికి 7 బార్ చాలు. ఇంజన్ ఆపిన మరుక్షణం రైలు ఖాళీ అయిపోదు కూడా. గుడ్డ అడ్డం పెట్టినా, గ్లౌజు తొడుక్కున్నా ఆ ధార ఆగదు.

గాయం చూస్తే ఎవరూ భయపడరు, అదే దీనిలోని మోసం. వేలి మీద సూది గుచ్చినంత చుక్క. రక్తం పెద్దగా రాదు, మొదట్లో నొప్పీ ఉండకపోవచ్చు. లోపల మాత్రం డీజిల్ నరాల వెంట, కండరాల మధ్య అరచేతి దాకా పాకి కణజాలాన్ని తినేస్తుంటుంది. కొన్ని గంటలకు వేలు ఉబ్బి తెల్లబడుతుంది. 1937లోనే అమెరికాలో ఒక డాక్టరు డీజిల్ ఇంజన్ వల్ల అయిన ఇలాంటి గాయం గురించి వైద్య పత్రికలో రాశాడు. ఆరు గంటలలోపు కోసి శుభ్రం చేయకపోతే వేలు తీసేయాల్సి వచ్చే అవకాశం బాగా పెరుగుతుంది. ఇక్కడి నుంచి అనంతపురమో బెంగళూరో చేరేసరికే అందులో కొంత భాగం దారిలో పోతుంది. కాబట్టి పసుపు అద్ది ఊరుకోవద్దు, తెల్లారాక చూద్దామనుకోవద్దు. 108కి ఫోన్ చేసినప్పుడూ, ఆసుపత్రిలో మొదటి మాటగానూ చెప్పండి: ‘ఎక్కువ ప్రెషర్‌తో డీజిల్ చేతిలోకి దూరింది.’ ఆ మాట చెప్పకపోతే టీటీ ఇంజెక్షన్ వేసి ఇంటికి పంపించే ప్రమాదం ఉంది.

మరి మిస్సింగ్ ఎలా పట్టాలి? కామన్ రైల్ బండిలో నట్టు ముట్టకుండానే స్కానర్ చెబుతుంది, ఏ ఇంజెక్టర్‌కి కంప్యూటర్ ఎక్కువ డీజిల్ ఇచ్చి సర్దుతోందో. డీజిల్ ఫిల్టర్‌లో నీళ్లు చేరినా, ఫిల్టర్ పూడుకున్నా ఇదే వణుకు వస్తుంది. ఇంజన్ మౌంటు రబ్బరు తెగినా అంతే. షెడ్డులో ముందు ఆ చవక పనులు చూడమనండి. 

పెట్రోల్ కార్లవాళ్లు కూడా వినాలి. నడుస్తున్న ఇంజన్‌లో ప్లగ్ వైరు పీకి చూసే పాత పద్ధతి వదిలేయండి. కాయిల్ నుంచి వచ్చేది ఇరవై వేల వోల్టులకు పైనే. పీకిన సిలిండర్‌లో కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలోని కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది. చెక్ ఇంజన్ లైటు వెలుగుతూ ఆరుతూ కొట్టుకుంటోందంటే ఇప్పటికే ఆ పని జరుగుతోందని అర్థం. ఎలాగోలా కదిరి దాకా లాగిద్దామనుకోకుండా పక్కకి ఆపాలి.

సలహాలు అడిగిన చోటే ‘ఇంజన్ మార్చేయ్, చవకలో ఉంది’ అనేవాళ్లూ తగులుతారు. ఎర్రమంచి ఫ్యాక్టరీ నుంచి సుమారు 900 ఇంజన్లు మాయమయ్యాయన్న కేసు 2025లో పెనుకొండ పోలీసుల దగ్గరికి వచ్చింది. ఇంజన్ నంబరుకి కాగితాలు లేకుండా, ఆర్టీఓ అనుమతి లేకుండా మార్చుకుంటే మీ ఆర్‌సీకి చిక్కు వస్తుంది, పైగా పోలీసులకి జవాబు చెప్పుకోవాలి.

చివరగా సలహా ఇచ్చేవారికి. మీకు వినిపించేది ఫోన్ స్పీకర్‌లో అర నిమిషం శబ్దం. బండి ఏ మోడలు, ఏ సంవత్సరం, పెట్రోలా డీజిలా, కామన్ రైలా కాదా అని అడగకుండా స్పానర్ పట్టమనకండి. నట్టు వదలమని ఎక్కడైనా రాసి ఉంటే ఇవాళే తీసేయండి. దాన్ని చదివినవారికి ఫోన్ చేసి వద్దని చెప్పండి.