ఇంటి ముచ్చట్లు: పెట్టె పైకెక్కించారా?

శ్రావణమాసం దగ్గరపడిందంటే మన ఆడవాళ్ళకి నోములూ పేరంటాలూ గుర్తొస్తాయి. నాందేడ్‌లో కాపురముంటున్న నాకు మాత్రం ముందు గుర్తొచ్చేది గోదారి.

2006 ఆగస్టులో ఆ తల్లి మా ఇంట్లోకే వచ్చింది. మా ఇల్లు ఒడ్డున లేదు. కాలవ దగ్గర, కాస్త పల్లంలో ఉంది, అంతే. 'జాయక్‌వాడి నుంచి నీళ్ళు వదిలారట' అని వీధిలో అనుకుంటూనే ఉన్నారు. మేము మాత్రం అలవాటుగా తెలుగు వార్తలు పెట్టుకుని, శ్రీరాంసాగర్ ఎంత నిండిందో వింటూ కూర్చున్నాం. అది మనకి దిగువన కదా! మన ఊరు దాటాకే ఆ నీరు బాసర చేరేది. ఆ చిన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

"ఎన్ని వరదలు చూశాను! గోదారి మన గడప తొక్కదు" అని మా అత్తగారు కదల్లేదు. ఆవిడ మాట నిజమే, గడప తొక్కలేదు. స్నానాలగది తూములోంచి తన్నుకొచ్చింది. నది నిండుగా ఉంటే కాలవ నీరు అందులో కలవలేక వెనక్కి మళ్ళుతుందని తర్వాత తెలిసింది. పక్కింటి మరాఠీ కాకూ "సామాను వదిలెయ్యండి, మనుషులు రండి" అని మేడమీదికి పిలిచింది. మావారూ, కాకూ కొడుకూ కలిసి అత్తగారిని కుర్చీతో సహా మోసుకెళ్ళారు.

మనుషులం దక్కాం. మంచం కింద రేకుపెట్టెని మాత్రం నేను మరిచాను. అందులో మామగారి నిజాం కాలంనాటి ఉర్దూ కాగితాలూ, వాళ్ళ పెళ్ళి ఫోటో ఉన్నాయి. నీళ్ళు తీశాక తెరిస్తే సిరా అంతా అలుక్కుపోయింది. ఫోటోని వెలుతురుకి పెట్టి ఎంతసేపు చూసినా అత్తగారికి మామగారి ముఖం దొరకలేదు. నన్ను ఒక్కమాట అనలేదు. అన్నా బాగుండేది.

అందుకే ఈసారి వంటల కబుర్లు పక్కనపెట్టి నాలుగు జాగ్రత్తలు చెబుతాను.

వానాకాలంలో ఎగువ వార్త వినండి. పైఠణ్ దగ్గర జాయక్‌వాడి, పూర్ణానది మీద యెల్దరి, సిద్ధేశ్వర్, మన ఊరి పైన విష్ణుపురి. ఈ పేర్లు పిల్లలకీ తెలియాలి. జిల్లా విపత్తు కంట్రోల్ రూం 1077, అత్యవసరానికి 112, ఈ రెండూ క్యాలెండరు మీద పెద్దక్షరాలతో రాసుకోండి.

కాగితాలూ ఫోటోలూ ప్లాస్టిక్ సంచిలో కట్టి అటకెక్కించండి. నకళ్ళు వేరే ఊళ్ళో బంధువుల దగ్గర ఉంచండి. ఇసుక సంచులు వాకిట్లోనే కాదు, తూముల మీదా పెట్టాలి. నీళ్ళు రాకముందే మెయిన్ స్విచ్ ఆపండి. నీళ్ళలో నిలబడి మాత్రం దాన్ని ముట్టుకోకండి. గ్యాసు సిలిండరుకి రెగ్యులేటరు తీసి, తేలిపోకుండా కట్టెయ్యండి.

నీళ్ళు తీశాక, కడగడం మొదలుపెట్టక ముందే ఫోటోలు తీయండి. తలాఠీ పంచనామాకీ బీమాకీ అవే ఆధారం. వైరింగు చూపించకుండా కరెంటు వెయ్యకండి. తడిసిన పిండీ పప్పూ చూసి ఆశపడకండి, పారబోయండి. మంచినీళ్ళు మరిగించే తాగండి.

ఇల్లు కొనేవాళ్ళకో మాట. మన మహారాష్ట్రలో జలవనరుల శాఖ నదుల వెంట నీలిరేఖ, ఎర్రరేఖ అని గీస్తుంది. పాతికేళ్ళకొకసారి వచ్చేంత వరద మట్టం నీలిరేఖ, నూరేళ్ళకొకసారి వచ్చేంతది ఎర్రరేఖ. స్థలం వాటికి ఎటువైపుందో అడిగాకే బయానా ఇవ్వండి. పాతికేళ్ళకొకసారి అంటే, ఒకసారి వచ్చాక పాతికేళ్ళు నిశ్చింత అని కాదు. ఏ ఏడైనా నూటికి నాలుగు పాళ్ళు రావచ్చని అర్థం.

పెద్ద నది దగ్గర లేమన్న ధీమా కూడా వద్దు. 2025 ఆగస్టులో మన జిల్లాలోనే ముఖేడ్ తాలూకాలో కుండపోత వానకి ఊళ్ళు మునిగి ప్రాణాలు పోయాయి.

ఆ వరద తర్వాత బతికున్నన్నాళ్ళూ మా అత్తగారు ఆషాఢం రాగానే "పెట్టె పైకెక్కించారా?" అని అడిగేవారు. ఇప్పుడు నేను మా కోడల్ని అడుగుతున్నాను. మీరూ ఇవాళే ఒకసారి మంచం కింద చూసుకోండి. మీ ఇంట్లో ఏం పైకెక్కించారో ఉత్తరం రాయండి, వచ్చే సంచికలో పంచుకుందాం.