బడి మరాఠీదైనా ఇంట్లో ఒక తెలుగు అర

సిరోంచ తాలూకాలో ఏ ఇంటికైనా పెళ్లి పత్రిక వచ్చినప్పుడు దాన్ని ఎవరు చదువుతున్నారో గమనించండి. చెన్నూరు నుంచో మంథని నుంచో వచ్చిన ఆ తెలుగు పత్రికను చాలా ఇళ్లలో తాతయ్య చదువుతాడు. లేదంటే అవతలి ఒడ్డు నుంచి కోడలిగా వచ్చిన అమ్మ చదువుతుంది. తొమ్మిదో తరగతి పిల్లవాడు పక్కన కూర్చొని వింటాడు. వాడికి తెలుగు రాదని కాదు. ఇంట్లో, అంగట్లో, ఆటల్లో వాడు మాట్లాడేది తెలుగే. రానిది లిపి.

ఒకప్పుడు బ్రిటిష్ వారి ఎగువ గోదావరి జిల్లాకు మన సిరోంచే ముఖ్యపట్టణం. ఆ తర్వాత చాందా జిల్లాలో కలిశాం, 1982 నుంచి గడ్చిరోలీలో ఉన్నాం. మన పిల్లల్లో ఎక్కువమంది మరాఠీ మాధ్యమంలో చదువుతున్నారు. మరాఠీ మీద మాకు ఫిర్యాదు లేదు, అది మన రాష్ట్ర భాష, మన పిల్లల రేపటి ఉద్యోగ భాష. ప్రాథమిక విద్య మాతృభాషలో అందే వీలు కల్పించాలని 1956లో రాజ్యాంగంలో చేర్చిన 350ఎ అధికరణం చెబుతోంది. దానికోసం అడగాలి, అడుగుతూనే ఉండాలి. కానీ అర్జీ ఒక బల్ల మీది నుంచి ఇంకో బల్ల మీదికి వెళ్లేలోగా ఈ ఏడు మూడో తరగతిలో ఉన్న పిల్ల పది దాటిపోతుంది. అందుకే ఇవాళ అర్జీ సంగతి పక్కన పెట్టి ఇంటి అల్మారా సంగతి మాట్లాడదలచాం.

బడిలో లేని భాషను ఇంట్లో, ఊళ్లో నిలబెట్టుకోవడం తెలుగువాళ్లకు కొత్త కాదు. నదికి అవతల నిజాం రాజ్యంలో చదువు ఉర్దూలో సాగింది. 1918లో పెట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో కూడా బోధన ఉర్దూలోనే. అక్కడ తెలుగు బతికింది పఠన మందిరాల వల్ల. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం వెలిశాయి. 1938లో దేశోద్ధారక గ్రంథమాల మొదలుపెట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి పుస్తకాలు మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మాడు. తెలంగాణలో తెలుగు కవులే లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చాడు. వాళ్లెవరూ బడి మారేదాకా ఆగలేదు.

ఇక ఏ పుస్తకాలు కొనాలన్నది. తెలుగు నేర్పాలనుకోగానే చాలామంది లావుపాటి పెద్ద బాలశిక్ష కొంటారు. అది పెద్దలకు ముచ్చటైన పుస్తకమే. కానీ లిపి రాని పిల్ల చేతిలో పెడితే మూడో రోజుకు అటక ఎక్కుతుంది. మా మాట వింటే ముందు పలచటి బొమ్మల పుస్తకాలు కొనండి. పేజీకి రెండు వాక్యాలు, పెద్ద అక్షరాలు ఉండాలి. సికింద్రాబాదు తార్నాకలోని మంచి పుస్తకం వాళ్లు ఇలాంటివి చాలా వేశారు. పిల్ల ఒక్క సాయంత్రంలో ఒక పుస్తకం పూర్తి చేసి 'అయిపోయింది' అనాలి. ఆ ఒక్క మాట పదిరోజుల గుణింతాల కంటే ఎక్కువ పని చేస్తుంది. గుణింతాలూ కావాలి, అవి తర్వాత వచ్చినా నష్టం లేదు. మరాఠీలో మాత్రలు పెట్టడం వచ్చిన పిల్లకు కా, కి, కీ వరస కొత్త కాదు, కొత్తవి ఆకారాలే.

మన ప్రాంతానికి మరీ పనికొచ్చేది జంట పుస్తకం, అంటే ఒకే పుస్తకం మరాఠీలో, తెలుగులో. నేషనల్ బుక్ ట్రస్టు నెహ్రూ బాల పుస్తకాలయం వరసలో ఒకే కథ, ఒకే బొమ్మలతో పలు భాషల్లో దొరుకుతుంది. పిల్ల మరాఠీ ప్రతిలో కథ తెలుసుకుని తెలుగు ప్రతిని పట్టుకుంటే సగం ఊహతో, సగం అక్షరంతో చదివేస్తుంది. కాస్త పెద్ద పిల్లలకు తెత్సుకో కురొయనాగి రాసిన జపాను బడి కథ ఉంది. మరాఠీలో అది 'తొత్తోచాన్', తెలుగులో 'రైలుబడి'. పాత రైలు పెట్టెల్లో నడిచే ఆ బడి గురించి చదివితే పిల్లలే కాదు, టీచర్లూ పుస్తకం వదలరు. టీచర్లకైతే గిజుభాయి 'పగటికల' కూడా చెబుతాం. మీ తాతల పెట్టెలో చందమామ బైండ్లు ఉంటే తూకానికి వేయకండి. 1947 జూలైలో తెలుగులో, తమిళంలో మొదలైన ఆ పత్రిక మరాఠీలో 'చాందోబా'గా వచ్చేది. ఆగిపోయి పదేళ్లు దాటినా బేతాళ కథకు ఇప్పటికీ కాలదోషం పట్టలేదు.

ఒక చిక్కు కూడా చెప్పాలి. తెలుగు పుస్తకాల్లోని భాష మన పిల్లలకు కొన్నిసార్లు పరాయిగా వినిపిస్తుంది. 'బుడుగు' మాకు ప్రాణం, బాపు బొమ్మల కోసమైనా కొనమంటాం. కానీ అందులో పలుకు గోదారి కింది జిల్లాలది. సిరోంచ తెలుగు తెలంగాణ యాస, దాని నిండా మరాఠీ మాటలు. పిల్ల 'మనం ఇట్ల మాట్లాడం కదా' అంటే సిగ్గుపడొద్దు, 'అవును, తెలుగు చాలా తీర్లుంటది' అనండి. హైస్కూలు దాటినవాళ్ల చేతికి దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు' ఇవ్వండి, మన నోటికి దగ్గరి భాష వినిపిస్తుంది. సాహు, అల్లం రాజయ్య కలిసి రాసిన 'కొమురం భీము' నవల కూడా ఇవ్వండి. భీము ఇల్లు వదిలి వచ్చి చాందాలో అక్షరాలు నేర్చుకున్నాడని చెబుతారు. చాందా అంటే నిన్నమొన్నటి దాకా మన జిల్లా కేంద్రమే.

అదే అరలో మరాఠీ పుస్తకాలకూ చోటుండాలి. భామరాగడ్ తాలూకా హేమల్‌కసాలో ప్రకాశ్ ఆమ్టే దంపతులు సాకిన అడవి జంతువుల గురించి విలాస్ మనోహర్ రాసిన 'నేగల్' మన జిల్లా పుస్తకం. ప్రకాశ్ ఆమ్టే రాసుకున్న 'ప్రకాశ్‌వాటా' కూడా అంతే. ఒక భాష పెరిగితే ఇంకోటి తరుగుతుందన్న భయం ఉన్నవాళ్లు ఇద్దరిని తలచుకోండి. కాళోజీ తండ్రి మరాఠీ, తల్లి కన్నడ, ఆయన తెలుగు ప్రజాకవి అయ్యాడు. నదికి అవతలి జిల్లాల్లో పెరిగిన పి.వి. నరసింహారావు హరి నారాయణ ఆప్టే మరాఠీ నవలను 'అబల జీవితం' పేరుతో తెలుగు చేశాడు, విశ్వనాథ 'వేయిపడగలు'ను హిందీ చేశాడు. పెద్దవాళ్ల అరలో 'అబల జీవితం' ఉంటే, మూలం మరాఠీలో చదివిన కొడుకూ అనువాదం చదివిన తల్లీ ఒకే కథ గురించి వాదులాడుకోవచ్చు.

మన వీధిలోనే గోండీ, మాడియా మాట్లాడే పిల్లలున్నారు. వాళ్లకు పుస్తకాలు ఇంకా తక్కువ. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో తెలుగు, మరాఠీలతో పాటు గోండీ కథలూ ఉచితంగా ఉన్నాయి. ఫోనులో చూపించండి, కుదిరితే అచ్చు తీయించి కుట్టండి. తెరమీది కథకు కాగితం మీది కథ రుచి రాదు. మా పాతకాలపు పట్టుదల అనుకోండి.

మార్కులు రాని చదువు ఎందుకని అడిగే తండ్రులున్నారు. రావు, నిజమే. నదికి అవతలి మేనమామ పంపే తెలుగు కాగితం, అమ్మమ్మ రాసిన చీటీ, కాళేశ్వరం వెళ్తే గుడి ముందు బోర్డు, వీటికీ మార్కులు లేవు. డబ్బు మాటకొస్తే నెలకు ఒక పలచటి పుస్తకం చాలు, ఏడాదికి పన్నెండు. వైద్యానికో చుట్టాల ఇంటికో హైదరాబాదు వెళ్లేవాళ్లకు కాచిగూడ నవోదయలో కొనుక్కు రమ్మని చీటీ ఇవ్వండి. నాలుగిళ్లవాళ్లు తలా మూడు కొని మార్చుకున్నా సరే. పుస్తకాలు అద్దాల బీరువాలో పెట్టి తాళం వేయొద్దు, పిల్ల చెయ్యి అందే ఎత్తులో ఉంచండి. చినిగితే అతికించుకోవచ్చు. వర్షాలు మొదలయ్యేలోగా మొదటి మూడు తెప్పించుకుంటే, ప్రాణహిత నిండి దారులు ఆగిన రోజుల్లో చదువుకోవడానికి ఉంటాయి.