బోర్డు మీద కిల్లా నంబరు ఎందుకుండదు?

గురుగ్రామ్ నుంచి సోహ్నా వైపు వెళ్లినా, ఫరీదాబాద్ వెనక ఆరావళి గుట్టల వారగా తిరిగినా, యమునా ఎక్స్‌ప్రెస్‌వే మీద జేవర్ దాకా పోయినా రోడ్డు పక్కన కనిపించేది ఒకటే. వరసగా పాతిన సిమెంటు స్తంభాలు, వాటికి లాగి కట్టిన ముళ్లతీగ, ఏదో ఒక స్తంభానికి బైండింగ్ వైరుతో బిగించిన రేకో ఫ్లెక్సీయో. దాని మీద 'ఈ భూమి ఫలానావారిది' అని ఉంటుంది. లేదా 'అమ్మకానికి లేదు' అని. లేదా 'గజాల లెక్కన ప్లాట్లు' అంటూ ఓ ఫోన్ నంబరు. లేదా 'ప్రభుత్వ భూమి, ఆక్రమించినవారు శిక్షార్హులు' అని. ఢిల్లీ చుట్టుపక్కల వంద గజాల జాగా కోసం వెతుక్కునే డ్రైవరు, చిన్న దుకాణదారు, మన వైపు నుంచి వెళ్లి నోయిడాలో స్థిరపడదామనుకునే ఉద్యోగి ముందుగా చదివే భూమి కాగితం ఇదే. తహసీల్ రికార్డు చూడటం ఆ తర్వాత సంగతి, అదీ చూస్తే. ఇంతమంది చదివే ఈ రాతకు మాత్రం పూచీ పడేవారు లేరు. రైతయినా, డీలరయినా, సర్కారయినా బోర్డు కట్టేవారు రికార్డులో ఆ నేల నంబరేదో దాని మీద రాసి తీరాలన్నది నా వాదన. ముందుగా రాయాల్సింది సర్కారు.

రేకు ముక్క మీది రాతకు ఇంత పట్టింపు దేనికని అనిపించవచ్చు. బోర్డు ఎవరికీ హక్కు ఇవ్వదన్న మాట నిజమే. అయితే మన చట్టం స్వాధీనానికి ఇచ్చే విలువ తక్కువేమీ కాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం మూడో సెక్షన్ ప్రకారం, ఒక భూమి ఎవరి స్వాధీనంలో ఉందో వారి హక్కు సంగతి కొనేవాడికి తెలిసినట్టే లెక్క. తెలియదంటే కుదరదు. 1963 కాలపరిమితి చట్టం కింద ప్రైవేటు భూమిలో పన్నెండేళ్లు, ప్రభుత్వ భూమిలో ముప్పై ఏళ్లు బహిరంగంగా, యజమానిని కాదని పాతుకుపోతే అసలు యజమాని దావా చెల్లదు. అలా పాతుకుపోయినవాడు తానే వాదిగా కూడా కోర్టుకు రావచ్చని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. ఖాళీ పొలంలో ఆ 'బహిరంగం' అన్నదానికి పైకి కనిపించే గుర్తులు కంచె, దాని మీది పేరు. అందుకే ఊరు విడిచి నగరంలో ఉంటున్న యజమాని బోర్డు కట్టిస్తాడు, కబ్జా చేయదలచినవాడూ అదే పని చేస్తాడు. ఢిల్లీలో గోడలు, ఆస్తులు ఖరాబు చేయడాన్ని అడ్డుకునే 2007 చట్టం కూడా యజమాని లేదా అనుభవదారు పేరు, చిరునామా రాసుకోవడాన్ని మినహాయించింది. ఆ రెండూ ఉన్నాయి సరే, ఏ నేల గురించో చెప్పే నంబరు మాత్రం ఎవరూ అడగలేదు. 'శిక్షార్హులు' అన్న మాట సంగతి చెప్పనక్కర్లేదు. నేరం చేయాలనో, స్వాధీనంలో ఉన్నవారిని బెదిరించాలనో ఉద్దేశం లేకుండా పొలంలో అడుగు పెట్టడం ఒక్కటే నేరం కాదు. బోర్డు భయపెట్టినంతగా చట్టం భయపెట్టదు.

అమ్మకం బోర్డుల దగ్గరికి వస్తే కథ ముదురుతుంది. హర్యానా రికార్డులో పొలానికి గుర్తు మురబ్బా, కిల్లా నంబర్లు. ఇరవై అయిదు కిల్లాలు ఒక మురబ్బా. కిల్లా అంటే ఎనిమిది కనాళ్లు, మన ఎకరమే. డీలరు ఆ ఎకరం మధ్య మట్టిరోడ్డు లాగి, మిగిలినదాన్ని వంద గజాల ముక్కలు చేసి అమ్ముతాడు. ఆ ముక్కకు రికార్డులో విడిగా నంబరు ఉండదు. కొన్నవాడికి దక్కేది ఉమ్మడి యాజమాన్య ఖాతా, అంటే ఖేవట్‌లో ఇన్నో వంతు వాటా. అది రోడ్డు పక్కదా, నీళ్లు నిలిచే మూలదా అన్నది పంపకం జరిగేదాకా తేలదు. కొన్నిచోట్ల ఆ వాటా కూడా రిజిస్టరు కాదు. అగ్రిమెంటు, జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ), వీలునామా మూడూ కలిపి చేతిలో పెడతారు. ఈ మూడింటితో యాజమాన్యం మారదని 2011 అక్టోబరులో సుప్రీంకోర్టు సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చింది. ఆ కేసు పుట్టింది గురుగ్రామ్ దగ్గరి వజీరాబాద్ గ్రామంలోని రెండున్నర ఎకరాల మీదే. అయినా ఈ పద్ధతి ఎంత వేళ్లూనిందంటే, 2019లో ఢిల్లీలోని 1,731 అనధికార కాలనీల వాసులకు హక్కులు గుర్తించేందుకు కేంద్రం చట్టం తెచ్చినప్పుడు, ఆ జీపీఏ కాగితాలనే ఆధారంగా తీసుకోవాల్సి వచ్చింది.

లైసెన్సు లేని కాలనీలో ప్లాట్లు అమ్మడమే కాదు, అమ్ముతామని ప్రకటించడం కూడా హర్యానాలో 1975 నుంచీ నేరం. ఆ ఏడాది వచ్చిన పట్టణ ప్రాంతాల అభివృద్ధి, నియంత్రణ చట్టం ఏడో సెక్షన్ చెప్పేది అదే. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం, రెరా, ఇంకో అడుగు ముందుకు వేసింది. నమోదైన ప్రాజెక్టు ప్రకటనలో రిజిస్ట్రేషన్ నంబరు, రెరా వెబ్‌సైటు చిరునామా కొట్టొచ్చినట్టు కనబడాలంది. ప్రచారం ఏ రూపంలో ఉన్నా ప్రకటనే అంది కనుక కంచెకు కట్టిన ఫ్లెక్సీ కూడా దాని కిందికే వస్తుంది. అంటే నంబరు లేని బోర్డు కట్టకూడదన్న సూత్రాన్ని మన చట్టసభలు ఒప్పుకుని ఎన్నో ఏళ్లయింది. అమలు గురించి ఇక్కడ ఎక్కువ చెప్పను, ఏ రోడ్డు మీద చూసినా తెలుస్తుంది. నా అభ్యంతరం వేరే చోట ఉంది. అమ్మేవాడి నుంచి నంబరు అడిగిన ప్రభుత్వం తన బోర్డుకు ఆ నియమం పెట్టుకోలేదు.

సర్కారు బోర్డు ఒకటి తీసుకుని చదవండి. ప్రభుత్వ భూమి అంటుంది. ఏ ఖస్రా, అంటే ఏ సర్వే నంబరు? స్తంభానికి ఇటు పక్కదా, అటు పక్కదా? ఏ చట్టం కింద, ఏ తేదీ ఉత్తర్వుతో? ఆరావళిలో ఈ ప్రశ్నలు కోర్టు దాకా వెళ్లినవే. అక్కడి కొండ భూములకు రెవెన్యూ రికార్డులో 'గైర్ ముమ్‌కిన్ పహాడ్' అని ఉంటుంది, సాగుకు పనికిరాని గుట్ట అని. అందులో చాలాచోట్ల 1900 నాటి పంజాబ్ భూసంరక్షణ చట్టం నాలుగో సెక్షన్ ఉత్తర్వులున్నాయి. అలాంటి భూమిని అడవిగానే చూడాలని సుప్రీంకోర్టు నిర్ధారించింది 2022 జులై 21న. దానికి ఏడాది ముందే, 2021 జూన్ 7న, ఫరీదాబాద్ అంచున ఉన్న ఖోరీని ఆరు వారాల్లో ఖాళీ చేయించమని అదే కోర్టు ఆదేశించింది. గనుల కూలీలతో మొదలై దాదాపు పదివేల ఇళ్లకు పెరిగిన బస్తీ అది. అక్కడివారిలో చాలామంది డీలర్ల దగ్గర డబ్బిచ్చి, చేతిరాత కాగితాలు పట్టుకున్నవారే. అడవిని కాపాడమన్న తీర్పును నేను తప్పుపట్టడం లేదు. ఒక నేల అడవి అని సర్కారు కాగితాల్లో ఉన్నప్పుడు, ఆ సంగతి నేల మీద నిలబడి చదవగలిగేలా ఉండాలి గదా అంటున్నాను. కోర్టు వ్యాజ్యాల్లో ఉన్న భూములదీ ఇదే గతి. ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షన్ ప్రకారం కేసు నడుస్తుండగా కొన్నవాడు, కేసు సంగతి తెలియకపోయినా, తీర్పుకు కట్టుబడాల్సిందే. ముంబయి వైపు ఈ సెక్షన్‌ను సవరించి, కేసు నోటీసు రిజిస్టరు చేస్తేనే అది కొనుగోలుదారును కట్టేస్తుందన్నారు. ఢిల్లీ పరిసరాల్లో ఆ రక్షణ లేదు.

అన్నిటికన్నా తేలిగ్గా, అన్నిటికన్నా ముందు చేయగలిగింది యమున వరద మైదానంలో. 2023 జులై 13న ఢిల్లీ పాత రైల్వే వంతెన దగ్గర నది 208.66 మీటర్లకు చేరి, 1978 నాటి 207.49 మీటర్ల రికార్డును దాటింది. నోయిడా వైపు వరద భూముల్లో వెలిసిన ఫామ్‌హౌసులను అంతకు ముందు ఏడాదే అక్కడి అథారిటీ కూల్చింది. ఢిల్లీ మాస్టర్ ప్లాన్‌లో నదీ తీరాన్ని 'ఓ' జోన్ అన్నారు. 2019 క్రమబద్ధీకరణ ఆ జోన్ కాలనీలకు వర్తించదు. ఇన్ని సంగతులు కొనేవాడికి చెప్పడానికి పెద్ద సాంకేతికత ఏమీ అక్కర్లేదు. అదే కంచె స్తంభానికి ఎర్ర రంగు గీత కొట్టి '2023లో నీళ్లు ఇక్కడిదాకా' అని రాస్తే చాలు. గీత మనిషి భుజం ఎత్తున ఉన్న చోట ప్లాటు అమ్మడం డీలరుకు కొంచెం కష్టమవుతుంది. మోసం ఆగుతుందని అనను. మాటకారితనానికి ఎదురుగా ఒక కొలత నిలబడుతుందంటాను.

రికార్డులన్నీ ఆన్‌లైన్‌లో ఉన్నాయి, ఫోన్ తీస్తే హర్యానా జమాబందీ, యూపీ భూలేఖ్ కనబడతాయి, ఈ రోజుల్లో రేకు బోర్డులేమిటని కొందరంటారు. నిజమే, ఉన్నాయి. అయితే వాటిలో వెతకడానికి కావాల్సింది నంబరో, యజమాని పేరో. ఆ రెండూ డీలరు నోటి నుంచే వస్తున్నాయి. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో రిజిస్ట్రేషన్ కుదరని భూముల 22-ఎ నిషేధిత జాబితా చూడాలన్నా సర్వే నంబరు కావాల్సిందే. అసలు భూమికి ఒక సర్వే నంబరు ఉంటే, పక్క నంబరు చూపించి అమ్మిన మోసాలు మనకు కొత్త కాదు. బోర్డు మీది నంబరు ఆన్‌లైన్ రికార్డుకు పోటీ రాదు, దాన్ని తెరవడానికి పనికొస్తుంది.

దొంగ బోర్డుకు నంబరు రాయడం ఎంతసేపు, అప్పుడు అది మరింత నమ్మకంగా కనిపించదా అన్నది ఇంకో ప్రశ్న. ఇది గట్టిదే. కానీ ఇవాళ్టి బోర్డు అబద్ధమని పట్టుకోవడానికి కూడా వీల్లేదు, ఎందుకంటే అందులో సరిచూడదగ్గ మాటే ఉండదు. నంబరు రాస్తే రికార్డుతో పోల్చవచ్చు, తప్పయితే రాసినవాడి మీద అదే సాక్ష్యం. ఇక బోర్డుకు అనుమతి అంటే పట్వారీ దగ్గర మరో ముడుపు అవుతుందన్న భయం రైతులకు ఉంటుంది. ఆ భయం న్యాయమైనది. అందుకే అనుమతి, ఫీజు, దరఖాస్తు ఏవీ ఉండకూడదు. సొంత కంచెకు సొంత పేరు రాసుకునే రైతును అడగాల్సింది పేరు పక్కన ఖస్రా నంబరు వేయమని మాత్రమే. వేయని రైతుకు జరిమానా కూడా వద్దు. నంబరు లేని బోర్డును స్వాధీనానికి రుజువుగా కోర్టులు తేలిగ్గా తీసుకుంటాయని తెలిస్తే వాళ్లే వేసుకుంటారు. జరిమానా పడాల్సింది అమ్మకం బోర్డుకు, సంజాయిషీ చెప్పాల్సింది సర్కారు బోర్డుకు.

బోర్డులు నిలవవన్నది మూడో అభ్యంతరం. మే, జూన్ నెలల ఆంధీకి, అంటే దుమ్ముగాలికి, ఫ్లెక్సీ పీలికలవుతుంది, నీల్‌గాయ్‌లు కంచెనే తోసుకుపోతాయి, మిగిలినదాన్ని అవసరమున్నవాడు రాత్రికి రాత్రి పీకేస్తాడు. ఒక్క స్తంభానికి వైరు చుట్టి వదిలేస్తే గాలికి తిరిగి తిరిగి తెగడం ఖాయం. రేకును రెండు స్తంభాల మధ్య ఇనుప పట్టీకి బోల్టులతో బిగించాలి. అంతకన్నా మేలైన పని, సిమెంటు స్తంభాన్ని పోత పోసేటప్పుడే అందులో నంబరు అచ్చు వేయడం. దాన్ని పీకాలంటే స్తంభాన్నే పీకాలి. పాతిన రోజు తేదీ, స్థానం తెలిసేలా తీసిన ఫొటో రికార్డులో ఉంటే చాలు, తర్వాత స్తంభం మాయమైనా సాక్ష్యం మిగులుతుంది. చెట్టుకు మేకులు కొట్టి మాత్రం కట్టకూడదు. ఢిల్లీలో చెట్ల మీది మేకులు, బోర్డులు తీసేయమని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2013లోనే ఆదేశించింది.

హద్దు గుర్తుల మీద ఏం రాయకూడదో తెలుగువారికి వేరే చెప్పనక్కర్లేదు. 2020 డిసెంబరు 21న జగ్గయ్యపేట మండలం తక్కెళ్లపాడులో మొదలైన ఆంధ్రప్రదేశ్ భూముల రీసర్వే అవసరమైన పనే. కానీ పొలం హద్దురాళ్ల మీదికి అప్పటి ముఖ్యమంత్రి పేరు, పాస్‌పుస్తకాల మీదికి ఆయన బొమ్మ ఎక్కాయి. 2024లో ప్రభుత్వం మారాక రాళ్ల మీది పేరు చెరిపించడం, పుస్తకాలు రాజముద్రతో మళ్లీ అచ్చు వేయించడం కొత్త పనులయ్యాయి. తరాలు నిలవాల్సిన రాయికి అయిదేళ్ల ఆయుష్షు పోసినట్టయింది. హైదరాబాద్‌లో 2024 జులైలో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ హైడ్రా చెరువుల చుట్టూ కంచెలు వేసి బోర్డులు పెట్టినప్పుడు వచ్చిన తగవు వేరే రకం. పూర్తి నీటిమట్టం హద్దు తుది నోటిఫికేషన్ దాకా రాని చెరువుల దగ్గర, బోర్డు ముందూ రికార్డు వెనకా అయింది. బోర్డుకు రికార్డు నకలుగా ఉండే అధికారమే ఉంది, రికార్డును తయారు చేసే అధికారం లేదు.

2024 నవంబరు 13న సుప్రీంకోర్టు కూల్చివేతలకు మార్గదర్శకాలిచ్చింది. పదిహేను రోజుల ముందస్తు నోటీసు, అది ఇంటికి అంటించడం, పోర్టల్‌లో పెట్టడం వగైరా. రోడ్లు, రైలు పట్టాల పక్కన, నదులు, జలవనరుల దగ్గర ఉన్న అనధికార కట్టడాలకు, కోర్టు ఆదేశంతో కూల్చేవాటికి ఆ రక్షణ లేదు. ఖోరీ కోర్టు ఆదేశం కిందిది, యమున గట్టు నది కిందిది. అంటే ఎక్కడ కూల్చివేత అనివార్యమో సరిగ్గా అక్కడే ముందస్తు నోటీసు తప్పనిసరి కాదు. కాబట్టి ఇల్లు కట్టకముందే, ఇంకా చెప్పాలంటే డబ్బు చేతులు మారకముందే కంచె మీద ఉండే నోటీసు ఒక్కటే అలాంటి కొనుగోలుదారుకు దిక్కు. నంబరుతో, తేదీతో అక్కడ ఎప్పుడు బోర్డు పెట్టారో కూల్చివేత ఉత్తర్వు మొదటి పేరాలోనే అధికారులు రాయాలి. రాయలేకపోయినంత మాత్రాన నేల మీద కొన్నవాడికి హక్కు పుట్టదు, అడవి అడవిగానే, నది నదిగానే ఉంటాయి. ఆ కుటుంబాన్ని వేరేచోట నిలబెట్టే ఖర్చు మాత్రం మౌనంగా ఉన్న ఆ శాఖ బడ్జెట్‌లోంచి పోవాలి.